పేరు చివర దొర

మధ్యాహ్నం గంట కొట్టగానే మా బడి పిల్లలు కంచాలు కడుక్కుని వరండాలో వరసగా కూర్చుంటారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో మేము ఎప్పుడూ చెప్పలేదు. స్నేహాన్ని బట్టి, పొద్దున ఆటలో జరిగిన తగాదాని బట్టి వాళ్ళే సర్దుకుంటారు. కిందటేడు వానాకాలంలో ఒకరోజు ఐదో తరగతి గుంటడొకడు కంచం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. వరసలో ఒక్కటే చోటు ఖాళీగా ఉంది. కూర్చోమన్నాము. "నాను కూకోను మాస్టారూ. ఆడు బారికోళ్ళ గుంటడు. నాను దొరని" అన్నాడు.

వాడు అబద్ధం చెప్పలేదు. హాజరు పట్టీలో వాడి పేరు చివర దొర అని ఉంది. మా పేరు చివర కూడా ఉంది.

గట్టిగా కోప్పడి కూర్చోబెట్టాము. కూర్చున్నాడు, తలొంచుకుని తిన్నాడు. పక్కన ఉన్న పిల్లవాడు మాత్రం సగం అన్నం వదిలేసి లేచిపోయాడు. సాయంత్రం బడి విడిచాక మొదటివాడు మా దగ్గరకు వచ్చాడు. తప్పు ఒప్పుకోవడానికి వచ్చాడేమో అనుకున్నాము. "అయితే దొరంటే ఏటి మాస్టారూ?" అని అడిగాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెబుతున్నాము, సొంత పేరు చివరి మాటకు అర్థం చెప్పలేకపోయాము. అప్పటి నుంచి ఆలోచించిందీ, చదివిందీ, పెద్దలను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాము. మన పేర్లలో ఇంకా దొర మిగిలి ఉన్న పిల్లలూ, వాళ్ళకు చదువు చెప్పే ఉపాధ్యాయ మిత్రులూ చదవాలని మా కోరిక.

ముందు మాట సంగతి చూద్దాం. దొర అనేది సంస్కృతం నుంచి వచ్చిన మాట కాదు, దక్షిణాది భాషల సొంత మాట. కన్నడంలో దొరె అంటే రాజు. తమిళంలో దురై అంటే ప్రభువు, యజమాని. బ్రౌన్ నిఘంటువు తిరగేస్తే తెలుగులోనూ అవే అర్థాలు. దొర చేసే పని దొరతనం. పాత తెలుగు పుస్తకాల్లో దొరతనం వారు అంటే ప్రభుత్వం వారు అని అర్థం. ఇంగ్లీషువాళ్ళు వచ్చాక ఈ మాట వాళ్ళకు అతుక్కుపోయింది. కలెక్టరు దొర, పోలీసు దొర, తెల్లదొర. తెల్లదొరతనం మాకొద్దని పాట కట్టినందుకు గరిమెళ్ళ సత్యనారాయణగారు 1920ల మొదట్లో జైలుకు వెళ్ళారు.

దొర భార్య దొరసాని. సాని అనే మాట స్వామిని నుంచి వచ్చిందంటారు. ఇక్కడొక మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. మా హాజరు పట్టీలో దొర అని ముగిసే మగపిల్లల పేర్లు తొమ్మిది ఉన్నాయి. దొరసాని అని ముగిసే ఆడపిల్ల పేరు ఒక్కటీ లేదు. వాళ్ళ పేర్ల చివర అమ్మ ఉంది, కుమారి ఉంది. అన్న దొర అయితే అదే ఇంట్లో పుట్టిన చెల్లెలు ఎందుకు కాలేదో ఎవరినైనా అడిగితే నవ్వుతున్నారు.

తెలుగు జనం ఈ మాటను గౌరవించినంతగానే అనుమానించారు కూడా. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అనే సామెత అందరికీ తెలిసిందే. దొరకూ దొంగకూ మధ్య పట్టుబడటం ఒక్కటే తేడా అని ఎవరో బాగా దెబ్బలు తిన్నవాళ్ళే అని ఉంటారు. సంతలో చూడండి. పసుపు, పిప్పళ్ళు, రాజ్మా మూటలు దించగానే షావుకారు "రా దొరా, ఇలా రా దొరా" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు. కాటా మీద మూట పెట్టేటప్పుడు కూడా దొరా అనే అంటాడు. అయిదు కిలోలకు నాలుగు కిలోల లెక్క కట్టేటప్పుడూ అదే పిలుపు.

ఇప్పుడు మన పిల్లలు చదువుకీ పనికీ దూరం వెళుతున్నారు. ఒక్కో చోట ఈ మాటకు ఒక్కో ముఖం ఎదురవుతోంది. హైదరాబాదు వెళ్ళిన మా శిష్యుడొకడు అద్దెకు గది అడుగుతూ పేరు చెబితే ఇంటాయన వాణ్ణి ఎగాదిగా చూసి, "ఏ ఊరి దొరలు మీరు?" అన్నాడట. తెలంగాణలో దొర అంటే గడీలో ఉండే భూస్వామి. నిజాం కాలంలో వందల ఎకరాలు చేతిలో పెట్టుకుని ఊరంతటి చేతా వెట్టి చేయించినవాడు. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటం ఎదుర్కొన్నది ఆ దొరలనే. మన పిల్లవాడి తండ్రికి రెండెకరాల పోడు ఉంది, దానికి పట్టా కోసం ఇంకా తిరుగుతున్నాడు. మాట ఒక్కటే, మనుషులు ఎంత దూరం!

పట్నాల్లో ఇంకో దొర ఉన్నాడు. నెత్తి మీద ఈకలు, మెడలో పూసలు, ముందు గుడ్డ పరిచి వేర్లు, నూనె సీసాలు పెట్టుకుని జోస్యం చెప్పే కోయదొర. సినిమాల్లో నవ్వు పుట్టించడానికి తెచ్చి పెట్టే మనిషి. ఆ వేషం వేసేవాళ్ళలో కోయవాళ్ళు ఎందరో మాకు అనుమానమే. కానీ పట్నంలో పెరిగిన పిల్లలకు ఆదివాసీ అంటే కళ్ళ ముందు కదిలేది ఆ బొమ్మే. అక్కడ దొర అంటే గౌరవమూ కాదు, భయమూ కాదు, ఆటబొమ్మ.

మా సంగతి కూడా చెప్పాలి. ఉపాధ్యాయ శిక్షణ కోసం మేము మైదానంలోని ఒక సంస్థలో చేరాము. మొదటి రోజు పేర్లు పిలుస్తున్న మాస్టారు మా పేరు దగ్గర ఆగి, "దొరగారూ, గుర్రం ఎక్కడ కట్టేసి వచ్చారు?" అన్నారు. తరగతంతా నవ్వింది. ఆ రోజు నుంచి రెండేళ్ళూ మాకు దొరగారు అనే పేరు స్థిరపడింది. అదే హాస్టల్లో మా గదిలో ఉండే ఒక కుర్రాడు తన స్టీలు గ్లాసు అడుగున మేకుతో గీత గీసుకున్నాడు. మా గ్లాసుతో కలిసిపోకూడదట. మన్యం నుంచి వచ్చినవాళ్ళం, ఏమేమి తింటామో ఎవరికి తెలుసు! పగలు నోటితో దొరగారు, రాత్రి గ్లాసు అడుగున గీత. ఆ గీతను మేము చాలా కాలం మోశాము. ఇప్పటికీ ఎక్కడైనా గ్లాసు చేతికొస్తే వెనక్కి తిప్పి చూసే అలవాటు పోలేదు.

ఈ మాట మనకు ఎలా వచ్చింది? కొండదొర అనే పేరులో కొండ తెలుగు మాట, దొర తెలుగు మాట. కానీ మన పూర్వులు మాట్లాడింది తెలుగు కాదు. ఆ భాష పేరు కుబి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతంలో తిరిగి, విని, ఆ భాషకు వ్యాకరణం రాశారు. 1969లో పుస్తకంగా వచ్చింది. తెలుగుకు చెల్లెలి వరస అయ్యే ద్రావిడ భాష అది. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో మాట్లాడుతున్నారు. మా ఊళ్ళో మాత్రం మా తాతల తరంతోనే పోయింది. షెడ్యూల్డ్ తెగల జాబితాలో కొండదొర పక్కనే కుబి అన్న మాటా ఉంటుంది. అదే జాబితాలో మన్నెదొర, ముఖదొర, నూకదొర, రెడ్డిదొర అని కూడా ఉన్నాయి. ఇన్ని రకాల దొరలు ఉన్నది షెడ్యూల్డ్ తెగల జాబితాలోనే! ధ్రువపత్రం కోసం వెళ్ళినప్పుడు కొత్తగా వచ్చిన గుమాస్తా ఎవరైనా "దొరలంటున్నారు, ఎస్టీ ఎలా అవుతారు?" అని అడిగితే మనకు ఒళ్ళు మండుతుంది గాని, అతని అయోమయానికి కారణం ఉంది.

అంటే మనల్ని మనం పిలుచుకున్న పేరు ఒకటి, కింది నుంచి వచ్చినవాళ్ళు పిలిచిన పేరు మరొకటి. రెండోదే నిలిచిపోయింది. వాళ్ళు దొర అని ఎందుకు పిలిచారు? మాకు తోచింది ఇది. కొండ దారి తెలిసినవాడు, చింతపండు, తేనె, అడ్డాకు ఇచ్చేవాడు, రాత్రి పూట పులి నుంచీ జ్వరం నుంచీ కాచి పొద్దున కిందికి దింపగలిగేవాడు కొండ మనిషే. అతనితో అవసరం ఉంది, అతనంటే కొంచెం భయమూ ఉంది. అవసరమూ భయమూ కలిసిన చోట మనిషి నోట్లోంచి మర్యాద మాట దానంతట అదే వస్తుంది. ఆ పిలుపు కాలం గడిచేకొద్దీ బిగుసుకుపోయి కులం పేరైంది.

దీనికి పాలకుల ఏర్పాటు కూడా తోడైంది. కొన్ని ఊళ్ళు కలిపి ఒక ముఠా. దానికి ఒక ముఠాదారు. జయపురం రాజులకో, మాడుగుల, గొలుగొండ జమీందారులకో, తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వానికో ఏటా ఇంత అని శిస్తు కట్టాలి. ముఠాలో దొంగతనం జరిగినా, తిరుగుబాటు జరిగినా జవాబు చెప్పుకోవాలి. అందుకు బదులుగా చేతికి ఒక సనదు, పేరు చివర గౌరవం. పైనున్నవాడికి కొండెక్కి శిస్తు వసూలు చేసే ఓపిక లేదు. కొండ మనుషుల్లోనే ఒకణ్ణి దొరను చేస్తే పని అయిపోతుంది. అలాంటి దొరను ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చు కూడా.

గాం గంటందొర కథ అదే. బట్టిపనుకుల ఆయన ఊరు. గూడెం ప్రాంతంలో డిప్యూటీ తాసిల్దారుగా ఉన్న బాస్టియన్ కొండల్లోకి రోడ్డు వేయించడానికి మన జనాన్ని అరకొర కూలికి పిండుకున్నాడు. గంటందొరకు ఉన్న అధికారమూ భూమీ పోయాయి. పై అధికారులకు అర్జీలు పెట్టుకున్నా న్యాయం దొరకలేదు. గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర అల్లూరి సీతారామరాజుతో కలిశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగింది. 1924లో గంటందొర కాల్పుల్లో చనిపోయారు. మల్లుదొర పట్టుబడి ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నారు. బయటికి వచ్చాక 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. అంతకు ముందు 1879లో రంపలో కల్లుకు గీసే చెట్ల మీద కూడా పన్ను వేసినప్పుడు తిరగబడినవాళ్ళలోనూ ఒక దొర ఉన్నాడు, కారం తమ్మన్నదొర. ఈ పేర్లు చదివినప్పుడు మా పేరు చివరి మాటను చూసుకుని గర్వపడ్డామని ఒప్పుకుంటాము. మీలో చాలామందికీ అలాగే ఉంటుంది. అందులో తప్పు లేదు.

కానీ ఆ గర్వంతో కథ ఆపేస్తే సగమే చెప్పినట్టు. ముఠాదారులందరూ గంటందొరలు కారు. అధికారి గుర్రానికి గడ్డి, బంగళాకు కట్టెలు, సామాను మోయడానికి మనుషులు, ఇవన్నీ ముఠాదారు సరఫరా చేయాలి. ఆయన సొంత భుజం మీద పెట్టుకుని చేశాడా? ఊళ్ళ మీద వేశాడు. తన పొలం దున్నడానికీ ఊళ్ళనే పిలిచాడు. 1969లో ముఠాల రద్దు నిబంధన వచ్చేదాకా ఈ ఏర్పాటు ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది.

మా తాత పేరు చివర కూడా దొర ఉంది. ఆయన ఎప్పుడూ ముఠాదారు కాదు. మా నాయనమ్మ చెప్పేది. అధికారి వస్తున్నాడని కబురు వస్తే తాత నాగలి పొలంలోనే వదిలేసి డోలీ మోయడానికి వెళ్ళేవాడట. తిరిగి వచ్చేసరికి భుజం వాచిపోయి ఉండేదట, ఆమె జీలుగు నార కాచి కాపడం పెట్టేదట. డోలీలో కూర్చున్నవాడు దొర. మోసినవాడు పేరుకు దొర. ఇంకో సంగతి కూడా ఆమె చెప్పింది. డోలీ బొంగుకి రెండు కొసలు ఉంటాయి కదా. ముందు కొస మా తాత భుజం మీద ఉంటే, వెనక కొస చాలాసార్లు మా ఊరి బారికి తాత భుజం మీద ఉండేదట. ఒకే బొంగు, ఒకే ఎత్తు, ఒకే అడుగు. ఒకడు ఆగితే రెండోవాడూ ఆగాల్సిందే.

బారికి అంటే మైదానం మిత్రులకు తెలియకపోవచ్చు. ఊరికి నాయుడు ఉంటాడు, పూజారి ఉంటాడు, మంచిచెడ్డలు చూసి చెప్పే దిసారి ఉంటాడు. నాయుడి మాటను ఇంటింటికీ మోసేవాడు, పక్క ఊరికి కబురు చేర్చేవాడు బారికి. పండగ సాటింపు అతనిదే, చావు కబురూ అతనిదే. అతను లేకపోతే ఊరికి నోరు లేనట్టే.

మా చిన్నప్పుడు ఆ తాత పొద్దున్నే మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడేవాడు. అరుగు ఎక్కేవాడు కాదు. మా అమ్మ చోడి అంబలి తెచ్చేది. ఇంట్లో మేమందరం ఆనపబుర్రతో ముంచుకుని తాగేవాళ్ళం. అతనికి మాత్రం అడ్డాకు డొప్పలో, చెయ్యి తగలకుండా, పైనుంచి పోసేది. తాగి, డొప్ప దూరంగా పారేసి, చేతులు దులుపుకుని, "వస్తాను దొరా" అనేవాడు. ఆరేళ్ళ పిల్లవాళ్ళం మేము. మమ్మల్ని దొరా అన్నాడు! ఎంత సంబరంగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది. అతని మనవడు మాతోపాటే ఒకటో తరగతి. కలిసి ఉడతల్ని తరిమేవాళ్ళం, గెడ్డలో ఈతలు కొట్టేవాళ్ళం, వాళ్ళ ఇంట్లో మాత్రం ఒక్క ముద్ద తినలేదు. తినవద్దని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మాకు మేమే తెలుసుకున్నాం.

హాస్టల్లో గ్లాసు అడుగున గీత చూసినప్పుడు మాకు ఆ అడ్డాకు డొప్ప గుర్తుకు రాలేదు. రావలసింది, రాలేదు. ఆ గీతను గురించి ఏడ్చాము, కోపంతో ఉత్తరాలు రాశాము, సంఘ సమావేశాల్లో మాట్లాడాము. ఇరవై ఏళ్ళకు పైగా గడిచాక, మా బడి వరండాలో ఆ గుంటడు కంచం పట్టుకుని నిలబడినప్పుడు గుర్తుకు వచ్చింది. మనకు జరిగిన అవమానానికి ఉన్నంత జ్ఞాపకశక్తి మనం చేసినదానికి ఉండదు.

ఇప్పుడు మన యువకుల్లో ఈ మాట మీద రెండు వాదాలు నడుస్తున్నాయి. కొందరు దొర తీసేయాలంటారు. అది పరాయివాళ్ళు ఇచ్చిన పేరు, పైవాళ్ళ సేవకు కట్టిన పట్టం, మన భాషలో లేని మాట, కుబి అని రాసుకుందాం అంటారు. ఇంకొందరు ఉంచాలంటారు. గంటందొర రక్తం ఉన్న పేరు, పట్టాల మీదా ధ్రువపత్రాల మీదా ఉన్న పేరు, తీసేస్తే రేపు నువ్వెవరివి అని అడుగుతారు అంటారు. రెండు వైపులా నిజం ఉంది. అయితే రెండు వైపులా చూడని సంగతి కూడా ఒకటి ఉంది. పేరులోంచి దొర తీసేసుకున్న మిత్రులు ఇద్దరు మాకు తెలుసు. వేదికల మీద బాగా మాట్లాడతారు. బారికి ఇంటి పిల్లను తమ్ముడు ఇష్టపడితే ఇంట్లో ఏం జరిగిందో కూడా మాకు తెలుసు. పేరులో మాట పోయింది, ఇంట్లో దొర అలాగే కూర్చుని ఉన్నాడు.

తెలుగు పాఠం చెప్పేవాళ్ళం కాబట్టి మాకు ఇంకో దారి కనబడింది. గారు అనే మాట చూడండి. ఎదుటివాడి పేరుకు చేర్చి ఎన్నిసార్లయినా అంటాము. మన పేరుకు మనమే చేర్చుకుని "నేను ఫలానా గారిని" అంటామా? అంటే పిల్లలు కూడా నవ్వుతారు. అది ఎదుటి నోటి నుంచి రావలసిన మాట. దొర కూడా పుట్టుకలో అలాంటి మాటే. ఒకరు మరొకరిని పిలిచిన మాట. దారి చూపించినందుకో, ఆశ్రయం ఇచ్చినందుకో, కష్టకాలంలో ముందు నిలబడినందుకో, భయపడో పిలిచారు. ఆ పిలుపును మనం పేరుకు అతికించుకున్నాం. అప్పటి నుంచి ఎవరూ పిలవకపోయినా, పిలవడానికి కారణం లేకపోయినా, అది మన దగ్గరే ఉండిపోయింది. "నాను దొరని" అని ఐదో తరగతి పిల్లవాడు అన్నప్పుడు మాకు ముల్లులా గుచ్చుకున్నది ఇదేనని తర్వాత అర్థమైంది. పిలుపుగా ఉన్నంతసేపు ఆ మాటలో ఇద్దరు మనుషులు ఉన్నారు, పిలిచేవాడూ పలికేవాడూ. నేను దొరని అనగానే పిలిచేవాడు పోయి, అతని చోట కింద కూర్చోవలసినవాడు వచ్చాడు. దొర ఉండాలంటే దొర కానివాడు ఒకడు పక్కన ఉండి తీరాలి. లేకపోతే ఆ వాక్యానికి అర్థమే లేదు.

మన పక్కనే ఉన్న పోర్జలను తలచుకోండి. ఆ పేరు ప్రజ అనే మాట నుంచి వచ్చిందని చెబుతారు. రాజు కొడుకు అని అర్థం చెప్పేవాళ్ళూ ఉన్నారు. మొదటిదే నిజమైతే ఒక కొండ మీద ఒకరికి దొర అని, మరొకరికి ప్రజ అని పేర్లు పడ్డాయన్నమాట. ఇద్దరూ పోడు కొట్టినవాళ్ళే, ఇద్దరూ సామలూ చోళ్ళూ తిన్నవాళ్ళే, ఇద్దరినీ ఒకే షావుకారు ఒకే కాటా మీద మోసం చేశాడు. ధింసా ఆడేటప్పుడు చేతులు నడుముల వెనక పెనవేసుకుంటే ఎవరి చెయ్యి ఎవరిదో తెలియదు. ఆట అయ్యాక నీళ్ళ దగ్గర మాత్రం తెలుస్తుంది.

మర్యాద అనే సంస్కృత మాటకు అసలు అర్థం హద్దు. గౌరవం అంటే బరువు. మా చిన్నప్పుడు అమ్మ డొప్పలో పైనుంచి పోసిన అంబలి హద్దు. తాత భుజం మీది బొంగు బరువు. మనం దొర అనే మాటలో ఏ అర్థాన్ని పిల్లలకు అందిస్తున్నాము? ఆ పిల్లవాడు దొరంటే ఏమిటని అడగకముందే అరుగు దగ్గర చూసి మొదటి అర్థాన్ని నేర్చేసుకున్నాడు. బడిలో మేము చెప్పబోయేది రెండో పాఠం. మొదటి పాఠం ఇంట్లో అయిపోయింది.

కాబట్టి పేరు తీయాలా ఉంచాలా అన్నది మాకు పెద్ద ప్రశ్నగా అనిపించడం లేదు. ఎవరిష్టం వాళ్ళది. మేము ఉంచుకున్నాము. ఉద్యోగపు కాగితాలన్నీ మార్చే ఓపిక లేకపోవడం అందుకు ఒక కారణమని దాచకుండా చెబుతున్నాము. మమ్మల్ని వేధిస్తున్నది వేరు. మైదానంలో ఎవరైనా మనకు విడిగా గ్లాసు పెడితే అన్యాయం అని అరిచే హక్కు మనకు ఉండాలంటే, మన చూరు కింద ఏముందో ముందు చూసుకోవాలి. ఆ చూపు లేకుండా చేసే పోరాటం కూడా పోరాటమే, కాదనము. కానీ దాన్ని చూస్తున్న బారికి ఇంటి పిల్లవాడు మన వెంట నడుస్తాడా? ఎందుకు నడవాలి?

ఆ గుంటడికి జవాబు వారం తర్వాత చెప్పాము. దొరంటే ఒకప్పుడు జనం ఒకరిని పిలిచిన పిలుపు అని చెప్పాము. డోలీ కథ చెప్పాము, గంటందొర కథ చెప్పాము. ముందు కొస మోసినవాడి పేరు, వెనక కొస మోసినవాడి పేరు రెండూ చెప్పాము. వెనక కొస మోసిన తాత వాడి పక్కన కూర్చునే పిల్లవాడికి ముత్తాత. అదంతా విని, "ఇద్దరిలో ఎవుల్ది ఎక్కువ బరువు మాస్టారూ?" అని అడిగాడు. కొండ ఎక్కేటప్పుడు వెనకవాడిది ఎక్కువని చెప్పాము. ఆలోచిస్తూ వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి. కలిసి తింటున్నారో లేదో మాకు తెలియదు. అక్కడి మాస్టార్లను అడగాలనుకుంటూనే అడగలేదు.

మా అమ్మకు డెబ్బై దాటాయి. సంక్రాంతికి మేము ఊరు వెళ్ళినప్పుడు మాతో చదువుకున్న ఆ బారికి మనవడు కూతురి పెళ్ళి శుభలేఖ తెచ్చాడు. అరుగు దగ్గర ఆగాడు. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాము. అమ్మ కాసేపు నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో టీ తెచ్చి చేతికి ఇచ్చింది. అడ్డాకు డొప్ప కాదు. మాకు ఎంతో తేలికగా అనిపించింది. అతను వెళ్ళాక పెరట్లోకి వెళ్ళి చూస్తే ఆ గ్లాసు కడిగి, మిగతావాటితో కాకుండా, గోడ మీద విడిగా బోర్లించి ఉంది. దాన్ని తీసుకుని కుండలో నీళ్ళు ముంచుకుని తాగాము. అమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసింది. "పెళ్ళికెల్తావా?" అని అడిగింది. వెళతానన్నాము. "భోజనానికుంటావా?" అంది. ఉంటానన్నాము. పొయ్యిలో కట్టె ముందుకు తోసి, "ఎప్పుడేటి పెళ్ళి?" అని అడిగింది.